ఇంగ్లీషు మాటకు ప్రాచీన పదం: వుడ్‌హౌస్, బ్రౌన్ నిఘంటువుల వెలుగులో గద్యపద్య పదజాల వివేచన

వ్యాససంగ్రహం:

ఇంగ్లీషు మాటకు ప్రాచీన గ్రీకు సమానార్థకాలను ఇస్తూ, ఏది గద్యానికి చెందినదో ఏది పద్యానికి చెందినదో గుర్తులతో వేరుచేసిన నిఘంటువు ఎస్. సి. వుడ్‌హౌస్ 1910లో ప్రకటించిన ఇంగ్లీషు-గ్రీకు నిఘంటువు. తెలుగులో ఈ భేదాన్ని గుర్తించిన తొలి నిఘంటుకర్తలలో సి. పి. బ్రౌన్ ముఖ్యుడు. ఈ రెండు కృషులను పోల్చి, ఇంగ్లీషు-తెలుగు నిఘంటురచనలోనూ పారిభాషిక పదకల్పనలోనూ గద్యపద్య భేదాన్ని విస్మరించడం వల్ల కలిగిన ఫలితాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బషీర్‌బాగ్‌లో తొలి తరగతులు నడిపిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఉర్దూ అనువాద అనుభవాన్ని మధ్యస్థ ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: నిఘంటువు, అనువాదం, గద్యం, పద్యం, పర్యాయపదం, పారిభాషిక పదం, వుడ్‌హౌస్, బ్రౌన్, ఉస్మానియా.

1. ఉపోద్ఘాతం

ఒక ఆధునిక భాషలోని మాటకు ప్రాచీన భాషలో సమానపదం వెదికేవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది పదాలు లేకపోవడం కాదు, పదాలు ఎక్కువగా ఉండడం. గుర్రానికి తెలుగు కావ్యభాషలో అశ్వం, తురగం, హయం, వాజి, తత్తడి, వారువం, తేజి మొదలైన మాటలు ఎన్నో ఉన్నాయి. వీటిలో దేనిని ఎక్కడ వాడాలో తెలియకపోతే అన్నీ తెలిసి ఉండడం వల్ల రచయితకు మేలు జరగదు. అర్థం ఒకటే అయినా ఆ పదాలు పెరిగిన చోటు ఒకటి కాదు. కొన్ని సంతలో పెరిగాయి, కొన్ని పద్యపాదంలో పెరిగాయి, కొన్ని శాసనంలోనో దస్తావేజులోనో స్థిరపడ్డాయి.

ఈ సమస్య హైదరాబాదు నగరానికి కొత్తది కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో తన తొలి తరగతులను బషీర్‌బాగ్‌లో, నిజాం కళాశాలను ఆనుకొని ఉన్న భవనంలో ప్రారంభించింది. బోధనభాష ఉర్దూ. పాఠ్యగ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలోని ప్రతి శాస్త్రపదానికి ఉర్దూలో ఒక మాట కావలసివచ్చింది. ఆ మాటను అరబ్బీ, పారశీక కావ్యశాస్త్ర సంపద నుంచి తేవాలా, వీధిలో వినిపించే భాష నుంచి తేవాలా అన్న వివాదం అక్కడ తలెత్తింది. అర్ధశతాబ్ది తరువాత బషీర్‌బాగ్ సమీపంలోని హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ తెలుగు మాధ్యమ పాఠ్యగ్రంథాలకు, పదకోశాలకు పూనుకున్నప్పుడు ఇదే ప్రశ్న తెలుగుకూ ఎదురైంది. ఈ ప్రశ్నకు నిఘంటురచన ఏ పద్ధతిలో సమాధానం చెప్పగలదో తెలుసుకోవడానికి వుడ్‌హౌస్ గ్రంథం అనుకూలమైన ప్రమాణం.

2. వుడ్‌హౌస్ పద్ధతి

వుడ్‌హౌస్ నిఘంటువు ఉపశీర్షికలోనే తన హద్దును ప్రకటించుకుంది. అది గ్రీకు భాష మొత్తానికి కాక, ఆటిక్ మాండలికానికి చెందిన పదకోశం. హోమర్ ఇతిహాసాల భాష అందులో ప్రమాణం కాదు. క్రీస్తుపూర్వం 5, 4 శతాబ్దాల ఏథెన్స్ రచయితలే దానికి ఆకరం. ఆనాటి ఇంగ్లండులో ప్రాచీన భాషలు చదివే విద్యార్థి ఒక ఇంగ్లీషు వచనఖండాన్ని ప్లేటో, డిమోస్తనీస్ రాసినట్లుండే గ్రీకు వచనంగానూ, ఒక ఇంగ్లీషు నాటకభాగాన్ని సొఫొక్లీస్, యూరిపిడీస్ రాసినట్లుండే గ్రీకు పద్యంగానూ మార్చడం అభ్యాసం చేసేవాడు. ఆ విద్యార్థికి ఉపయోగపడేలా వుడ్‌హౌస్ ప్రతి ఆరోపం కింద సమానపదాలను మూడు విధాలుగా విభజించాడు: గద్యానికి మాత్రమే చెల్లేవి, పద్యానికి మాత్రమే చెల్లేవి, రెండింటికీ చెల్లేవి.

'సముద్రం' అన్న అర్థంలో థలస్స అన్న మాట గద్యపద్యాలు రెండింటిలోనూ ఉంది. వక్తల వచనంలో అదే థలత్త అవుతుంది. పొంతొస్ పద్యపదం. గద్యంలో అది సాధారణంగా నల్లసముద్రానికి పేరు. ఉప్పుకు పేరైన హల్స్ పద్యంలో సముద్రం అవుతుంది. 'ఇల్లు' అన్నచోట ఒయికియా గద్యానిది, దొమొస్, మెలథ్రొన్ పద్యానివి. 'సోదరుడు' అన్నచోట అదెల్ఫొస్ సామాన్యపదం, కసిగ్నేతొస్ పద్యపదం. ఈ గుర్తులు లేకపోతే న్యాయస్థానంలో ఆస్తి తగాదా గురించి మాట్లాడే మనిషి నోట పొరపాటున విషాదనాటకంలోని రాజు మాట వచ్చిపడుతుంది.

ఈ నిఘంటువులో మరొక సూక్ష్మం ఉంది. హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్‌కు వుడ్‌హౌస్ వేరే గుర్తు కేటాయించాడు. పలు ఆరోపాలలో ఆ గుర్తు పద్యంతో కాక గద్యంతో జతపడి కనిపిస్తుంది. అరిస్టోఫనీస్ రాసినది ఛందోబద్ధమైన నాటకమే. అయినా అతని పాత్రలు ఏథెన్స్ వీధిభాష మాట్లాడతాయి కనుక ఆ పదాలు గద్యం పక్కన చేరాయి. దీనినిబట్టి వుడ్‌హౌస్ దృష్టిలో 'పద్యపదం' అంటే ఛందస్సులో ఇమిడిన పదం కాదని తేలుతుంది. విషాదనాటకం నిలుపుకొన్న ఉన్నత వాగ్ధోరణికి చెందిన పదమని దాని అర్థం.

3. ఛందస్సు, పర్యాయపదం

ఈ వివేచనను తెలుగుకు అన్వయించే ముందు ఒక భేదాన్ని గమనించాలి. గ్రీకులో గుర్రానికి సామాన్యపదం హిప్పొస్, విషాదనాటకంలో తరచు పోలొస్. గద్యంలో పోలొస్ అంటే గుర్రపుపిల్ల. ఈ రెండు పదాల మాత్రాస్వరూపం ఒకటే: మొదటి అక్షరం గురువు, రెండవది స్వతహాగా లఘువు. ఒకదాని చోట మరొకదానిని పెట్టడం వల్ల ఛందస్సుకు ఒనగూడేది పెద్దగా లేదు. ఆ ఎంపికకు ప్రధాన కారణం ధోరణి.

తెలుగులో స్థితి వేరు. 'గుర్రము' భగణం, 'తురగము' నలం, 'హయము' నగణం, 'వాజి' హగణం. మొదటి రెండు ఇంద్రగణాలు, తరువాతి రెండు సూర్యగణాలు. తేటగీతి పాదం మొదట సూర్యగణం కావాలి కనుక అక్కడ 'హయము', 'వాజి' ఇముడుతాయి. రెండవచోట ఇంద్రగణం కావాలి కనుక 'గుర్రము', 'తురగము' ఇముడుతాయి. దీనికి యతిప్రాసల నియమాలు తోడైతే, పదం మొదటి అక్షరం 'గు' అవుతుందా, 'తు' అవుతుందా, 'హ' అవుతుందా అన్నది కూడా నిర్ణాయకం అవుతుంది. కాబట్టి తెలుగు కవికి పర్యాయపదం మొదట ఒక ఛందోపకరణం. అమరకోశాన్ని కంఠస్థం చేయించడం, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషం వంటి పద్యనిఘంటువులు పుట్టడం ఈ అవసరం వల్లనే. అవి అర్థం నుంచి పదానికి దారిచూపే గ్రంథాలు. ఆ విధంగా వుడ్‌హౌస్ కృషికి దూరపు బంధువులు. అయితే వాటి పాఠకుడు కవి ఒక్కడే. వచనం రాసేవాడు వాటి దృష్టిలో లేడు.

పర్యవసానంగా తెలుగు పర్యాయపదాల జాబితాలలో ఛందస్సు కోసం నిలిచిన మాటలూ ధోరణి కోసం నిలిచిన మాటలూ కలిసిపోయాయి. పద్యం నుంచి బయటికి వచ్చినప్పుడు మొదటి రకం మాటలకు నిలవడానికి కారణం ఉండదు. రెండవ రకం మాటలకు మాత్రం గంభీరవచనంలో చోటు ఉంటుంది. ఈ రెండింటినీ వేరుచేసే గుర్తు జాబితాలలో లేదు.

4. బ్రౌన్ గుర్తించిన రెండు తెలుగులు

1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు శీర్షిక తెలుగు నిఘంటుచరిత్రలో గమనించదగినది. వ్యవహారాలలో వాడే వాడుకశైలినీ, కావ్యభాషనూ రెండింటినీ వివరిస్తానని అది పేరులోనే చెప్పుకుంది. కచేరీలో అర్జీ చదవవలసిన ఉద్యోగికీ, కావ్యం చదవదలచిన జిజ్ఞాసువుకూ ఒకే గ్రంథం ఉపయోగపడాలన్నది బ్రౌన్ ఆశయం. దానికి తోడు అరబ్బీ, పారశీక, హిందూస్థానీ మూలాల నుంచి వచ్చి కచేరీ తెలుగులో స్థిరపడిన మాటలకు అతను ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు కూర్చాడు. పండితులు అన్యదేశ్యాలని పక్కనపెట్టిన మాటలు ఆ విధంగా నిఘంటువుకెక్కాయి.

బ్రౌన్ వేమనపద్యాలను సేకరించి 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయడం ఈ దృష్టికి అనుగుణమైన పనే. వేమన రాసినది ఆటవెలది, పలికినది వాడుకమాట. వుడ్‌హౌస్ వర్గీకరణలో అరిస్టోఫనీస్‌కు దొరికిన స్థానం తెలుగులో వేమనకు దొరకాలి. ఛందస్సు ఉన్నంతమాత్రాన పదం పద్యపదం కాదని చెప్పడానికి వేమన కంటే బలమైన సాక్ష్యం తెలుగులో లేదు.

అయినా బ్రౌన్ సాధించినది సగమే. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లే నిఘంటువులో కావ్యపదమన్న సూచన చదువరికి సాయం చేస్తుంది. చదువరికి పదం అప్పటికే కంటి ముందు ఉంటుంది, దాని సందర్భమూ ఉంటుంది. ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చే నిఘంటువులో ఆ సూచన అవసరం ఇంకా ఎక్కువ. అక్కడ పాఠకుడు చదువరి కాడు, రచయిత. అతని ముందు సందర్భం లేదు. వరసగా కామాలతో పేర్చిన పదాలు మాత్రమే ఉన్నాయి. తరువాతి ఇంగ్లీషు-తెలుగు నిఘంటురచన ప్రధానంగా అర్థవివరణ మీద దృష్టి పెట్టింది. ఏ సమానపదం ఎక్కడిదో చెప్పే గుర్తుల వ్యవస్థ అందులో క్రమబద్ధంగా ఎదగలేదు. గుర్తులు ఎక్కువ అవసరమైన వైపునే అవి తక్కువ కావడం ఈ చరిత్రలోని ప్రధానలోపం.

5. తెలుగు గద్యానికి ఆకరం ఏది?

ఈ లోపానికి నిఘంటుకర్తల అశ్రద్ధ ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. వుడ్‌హౌస్‌కు ఒక సౌకర్యం ఉంది. ఒకే నగరం, దాదాపు ఒకే కాలం, గద్యానికీ పద్యానికీ సమానంగా గౌరవం. థుసిడిడీస్, ప్లేటో, డిమోస్తనీస్ ఒకవైపు, ఈస్కిలస్, సొఫొక్లీస్, యూరిపిడీస్ మరొకవైపు నిలిచారు. తెలుగులో సాహిత్యగౌరవం చాలాకాలం పద్యకావ్యానికీ చంపువుకూ దక్కింది. గద్యం లేకపోలేదు. శాసనాలలో, రాయవాచకంలో, దక్షిణదేశపు వచనగ్రంథాలలో, కైఫీయతులలో, లేఖలలో అది పుష్కలంగా ఉంది. దానిని ప్రమాణంగా ఎవరూ నిలపలేదు.

19వ శతాబ్ది మధ్యలో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికతో వచనానికి ఆదర్శం కల్పించినప్పుడు ఆ వచనానికి పదజాలం, సంధి, వ్యాకరణం కావ్యభాష నుంచే వచ్చాయి. నీతిచంద్రిక సౌష్ఠవం నిర్వివాదం. అయితే దాని విజయం వల్ల గద్యపదానికీ పద్యపదానికీ మధ్య ఉండవలసిన గీత చెరిగిపోయింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం తత్సమ, తద్భవ, దేశ్య భేదాలను శ్రద్ధగా చెప్పింది. అది పదం పుట్టుకకు సంబంధించిన వర్గీకరణ. పదం ఎక్కడ తిరుగుతుందన్నది వేరే ప్రశ్న. 'గృహం' తత్సమం, 'ఇల్లు' దేశ్యం అని తెలిసినంతమాత్రాన 'గృహప్రవేశం', 'గృహనిర్మాణం' అని ఎందుకు అంటారో, 'ఇంటి పన్ను', 'ఇంటి అద్దె' అని ఎందుకు అంటారో తెలియదు. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారికోద్యమం ఈ రెండవ ప్రశ్నను ముందుకు తెచ్చింది. కాని ఆ వివాదం క్రియారూపాల చుట్టూ తిరిగినంతగా సమానపదాల ఎంపిక చుట్టూ తిరగలేదు. క్రియలు వాడుకలోకి మారినా నామపదాలు కావ్యంలోనే ఉండిపోయిన వాక్యాలు పాఠ్యపుస్తకాలలో కనిపించడానికి ఇది ఒక కారణం.

6. బషీర్‌బాగ్ పాఠం

ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాదసంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దాని తొలిదశకు సారథి. విజ్ఞానశాస్త్రాలు, చరిత్ర, తత్త్వశాస్త్రం, న్యాయం వంటి విషయాల ఇంగ్లీషు గ్రంథాలు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. పదకల్పనలో ఒక పక్షం అరబ్బీ ధాతువుల వైపు మొగ్గింది. ఉస్మానియా అధ్యాపకుడు వహీదుద్దీన్ సలీం 1921లో ప్రకటించిన 'వజె ఇస్తిలాహాత్' అన్న గ్రంథంలో, ఉర్దూ స్వభావం భారతీయభాషలకు చెందినదనీ, దాని సహజమైన ఉపసర్గలతో, ప్రత్యయాలతో, సమాసాలతో పదాలు కట్టాలనీ వాదించాడు. అరబ్బీ-ఉర్దూల మధ్య నడిచిన ఆ వాదం సంస్కృతం-తెలుగుల మధ్య నడిచిన వాదానికి సమాంతరం.

అదే వాతావరణంలో పద్యానువాదం కూడా జరిగింది. నిజాం కళాశాలలో బోధించిన అలీ హైదర్ నజ్మ్ తబాతబాయి, థామస్ గ్రే రచించిన ప్రసిద్ధ స్మృతికవితను 1897లో 'గోరె గరీబాఁ' పేరుతో ఉర్దూ చేశాడు. తరువాతికాలంలో ఆయన దారుల్ తర్జుమాలో అనువాదాల సాహిత్యసంస్కరణ చూశాడు. పారశీక కావ్యసంస్కారం ఆ కవితకు బలం. శ్మశానంలోని సాయంసంధ్యకు ఆ పదాలు తగినవి. అదే సంపద భౌతికశాస్త్ర పాఠంలోకి దిగినప్పుడు విద్యార్థికి రెండు బరువులు పడతాయి. విషయం ఒకటి, దానిని మోసే మాట మరొకటి. అంటే లోపం కావ్యపదంలో లేదు, దానిని నిలిపిన చోటులో ఉంది.

హైదరాబాదు తెలుగుకు దీనికి ముందే ఒక మార్గం తెరుచుకుంది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో ఇక్కడ స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి శాస్త్రవిషయాలను తెలుగు వచనంలో చెప్పడానికి పూనుకుంది. ఆ ప్రయత్నం తెలుగు వచనానికి కొత్త పాఠకుడిని ఇచ్చింది. కావ్యం చదివిన పండితుడు కాక, విషయం తెలుసుకోదలచిన గృహస్థు ఆ పాఠకుడు. నిఘంటువు మాత్రం ఆ పాఠకుడి కోసం మారలేదు.

7. నిలిచిన మాట, నిలవని మాట

ప్రాచీనపదం ఆధునికవస్తువుకు పేరు కాలేదని అనడానికి వీలులేదు. 'విమానం' ఇతిహాసపురాణాల మాట. ఆకాశంలో ఎగిరే యంత్రానికి అది తెలుగులో నిత్యవ్యవహార నామమైంది. అదే పద్ధతిలో కట్టిన 'ధూమశకటం' హాస్యానికి ఉదాహరణగా మిగిలింది. 'పొగబండి' కొంతకాలం నడిచి వెనకబడింది. 'రైలు' నిలిచింది. ఈ భేదానికి సంస్కృతమా, దేశ్యమా అన్నది కారణం కాదు. పుష్పకవిమానం హరికథలో, పురాణకాలక్షేపంలో, బొమ్మలాటలో అక్షరం రానివారి చెవికి కూడా చేరిన మాట. అంటే అది కావ్యంలో పుట్టినా గద్యపద్యాలు రెండింటికీ చెల్లే పదంగా అప్పటికే మారింది. 'ధూమశకటం' ఏ చెవిలోనూ ముందుగా లేదు. దాని రెండు భాగాలూ పుస్తకానివే.

గ్రీకు దేశపు అనుభవం దీనికి దగ్గరగా ఉంది. ఆధునిక గ్రీసులో ప్రాచీనానుసారి అయిన కథరెవూస రైలుబండికి 'బండ్ల వరస' అన్న అర్థంలో అమక్సొస్తిహియా అనే మాటను ఇచ్చింది. అది అధికారప్రకటనల మాటగా మిగిలింది, జనం నోట త్రెనొ నిలిచింది. బస్సుకు ప్రాచీనధాతువులతో ఏర్పడిన లెయొఫొరియొ మాత్రం జనవ్యవహారంలో స్థిరపడింది. పాతదనం ఒక్కటే మాటను నిలపదు, పడగొట్టదు.

తెలుగు వచనం నిజానికి తనంతట తాను ఒక నియమాన్ని ఏర్పరచుకుంది. నిఘంటువులు దానిని నమోదు చేయలేదు. గుర్రం పరిగెత్తే పోటీ 'గుర్రపు పందెం', యంత్రబలానికి కొలత 'అశ్వశక్తి'. పొలానికి చేరేది 'నీరు', దానితో పుట్టేది 'జలవిద్యుత్తు', పితృకార్యంలో వదిలేది 'ఉదకం'. వంటయింట్లో ఉండేది 'నిప్పు', ఆర్పే శాఖ 'అగ్నిమాపక' శాఖ. 'హయం', 'సలిలం', 'అనలం' ఈ వచనవ్యవహారంలోకి రాలేదు. అశ్వం, జలం, అగ్ని వచ్చాయి, అదీ ఎక్కువగా సమాసంలో పూర్వపదంగా వచ్చాయి. ఒక నిఘంటువు 'నీరు: గద్యం, పద్యం, జలం: పద్యం, గద్యంలో ప్రాయికంగా సమాసంలో, ఉదకం: పద్యం, గద్యంలో వైదికకర్మసందర్భంలో, సలిలం: పద్యం' అని చెప్పగలిగితే అనువాదకుడికి దారి దొరుకుతుంది. ఇటువంటి ఆరోపానికి కొత్త పదం కల్పించనక్కరలేదు. ఉన్న పదాల చిరునామా రాస్తే చాలు.

8. వుడ్‌హౌస్ పరిమితులు

వుడ్‌హౌస్ పద్ధతిని యథాతథంగా తేవడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. అతని భాషకు సరిహద్దు మూసి ఉంది. అందులో కొత్తగా ఎవరూ మాట్లాడరు. అతని గుర్తు ఎన్నటికీ మారదు. తెలుగులో నిన్నటి పద్యపదం నేటి వార్తాపదం కావచ్చు. 'విమానం' అందుకు సాక్షి. 'నిలయం' మరొక సాక్షి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడినప్పుడు ఒక కావ్యపదం గ్రంథాలయం పేరులో చేరి నగరవాసుల నోటికి అలవాటైంది.

రెండవ పరిమితి ఆకరాన్ని బట్టి వస్తుంది. ఏథెన్స్‌లో లేని వస్తువు వుడ్‌హౌస్ పరిధిలోకి రాదు. ఆండ్రూ విల్సన్ 2004లో హ్యారీ పాటర్ తొలి నవలను ప్రాచీన గ్రీకులోకి అనువదించినప్పుడు క్రీస్తుశకం 2వ శతాబ్ది రచయిత లూషియన్ వచనాన్ని ఆదర్శంగా తీసుకున్నాడు. ఏ ప్రాచీనుడి గద్యంలో నవల నడవాలో ముందు తేల్చుకుంటే, కొత్త పదాల ఎంపికకు ఒక కొలమానం ఏర్పడుతుంది. తెలుగు పారిభాషిక పదకల్పన చాలాచోట్ల ఈ మొదటి నిర్ణయం లేకుండానే జరిగింది. ఒక పదం కావ్యం నుంచి, పక్కపదం కచేరీ నుంచి, మూడవది ఇంగ్లీషు నుంచి వచ్చి ఒకే వాక్యంలో కూర్చున్నాయి.

9. ముగింపు

ఈ చర్చ పండితుల వినోదానికి పరిమితమైనది కాదు. పోటీపరీక్షల ప్రశ్నపత్రాలలో తెలుగు అనువాదం పక్కన, సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రామాణికమన్న సూచన పరిపాటి అయింది. తెలుగు మాధ్యమంలో చదివిన అభ్యర్థి తన భాషలోని ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు వైపు చూడవలసిరావడం ఆ సూచన ఫలితం. దానికి మూలం తెలుగులో పదాలు లేకపోవడం కాదు. సరైన అర్థం గల పదం సరికాని చోట పడడం.

తెలుగు గద్యానికి శాసనాలు, కైఫీయతులు, రాయవాచకం మొదలుకొని విజ్ఞానచంద్రికా గ్రంథాల వరకు ఆకరంగా స్వీకరించి, పద్యానికి కావ్యాలను స్వీకరించి, వేమన వంటివారికి మధ్యస్థానం కేటాయించి, ఇంగ్లీషు ఆరోపాల కింద సమానపదాలను గుర్తులతో వర్గీకరించే నిఘంటువు అవసరం. వుడ్‌హౌస్ మృతభాష విద్యార్థికి చేసిన ఉపకారం జీవద్భాష రాసేవారికి ఇంకా అందలేదు. బ్రౌన్ 1852లో శీర్షికకు ఎక్కించిన రెండు తెలుగుల భేదాన్ని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ప్రతి ఆరోపంలోకి దింపినప్పుడు ఆ కొరత తీరుతుంది.